డిసిప్లిన్ లేకే పోయిందా? ట్రేడింగ్ డైరీతో తేలే లెక్క

ఎఫ్ అండ్ ఓలో, అంటే షేర్లు, సూచీల ధర ఎటు పోతుందన్నదాని మీద చేసుకునే ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఒప్పందాల్లో, డబ్బు పోగొట్టుకున్నవాళ్లను కదిలిస్తే వినిపించే మాట దాదాపు ఒకటే. "పద్ధతి బాగానే ఉంది, డిసిప్లిన్ లేక పోయింది." కోర్సులు అమ్మేవాళ్లు దీన్నే ఇంకొంచెం పెద్ద గొంతుతో చెబుతారు. ట్రేడింగ్‌లో తొంభై శాతం సైకాలజీయే అంటారు. ఆ తొంభై ఏ లెక్కలోంచి వచ్చిందని అడిగితే జవాబుండదు. తన తప్పు తాను ఒప్పుకుంటున్నట్టు వినయంగా వినిపించే ఈ మాటలో ఒక వెసులుబాటు దాగి ఉంది. తప్పు స్వభావానిదైతే పద్ధతిని పరీక్షించే పని తప్పుతుంది. సోమవారం నుంచి బుద్ధిగా ఉంటానని ఒట్టు పెట్టుకుని అదే పని మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ఆ ఒట్లు ఎంతవరకు నిలిచాయో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్కల్లో కనిపిస్తుంది. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల ఎఫ్ అండ్ ఓ ఖాతాలను పరిశీలించి 2024 సెప్టెంబరులో సెబీ ఒక నివేదిక ఇచ్చింది. కోటి మందికి పైగా ఉన్న వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి సగటు నష్టం మనిషికి దాదాపు 2 లక్షల రూపాయలు, అందరిదీ కలిపితే 1.8 లక్షల కోట్లు దాటింది. ఖర్చులన్నీ పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవాళ్లు నూటికి ఒక్కరు. అయినా నష్టపోయినవాళ్లలో 75 శాతానికి పైగా మంది ట్రేడింగ్ కొనసాగించారు. 2024-25లోనూ 91 శాతం మందికి నష్టమే. ఆ ఒక్క ఏడాదే వ్యక్తిగత ట్రేడర్ల నికర నష్టం 1.05 లక్షల కోట్లకు చేరింది.

ఇంతమందికీ డిసిప్లిన్ ఒక్కటే కొరవడిందా? కొందరికి కొరవడే ఉంటుంది. కానీ అవతలి పక్క ఎవరున్నారో కూడా చూడాలి. 2023-24లో సొంత డబ్బుతో ట్రేడ్ చేసే ప్రాప్ సంస్థలు 33,000 కోట్లు, విదేశీ పోర్ట్‌ఫోలియో ఇన్వెస్టర్లు 28,000 కోట్లు స్థూల లాభం చేసుకున్నారు. ఆ లాభంలో 95 శాతానికి మించి అల్గో ట్రేడింగ్, అంటే కంప్యూటర్ ప్రోగ్రాములే కొని అమ్మే పద్ధతి, ద్వారా వచ్చిందే. కంప్యూటర్ ప్రోగ్రాముకు భయం, ఆశ ఉండవన్నది నిజమే. దానితోపాటు వాళ్లకు వేగం ఉంది, తక్కువ ఖర్చు ఉంది, ఏళ్ల తరబడి పరీక్షించిన డేటా ఉంది. ఆ సంస్థల లాభాన్ని చూసి ఎమోషన్ లేకుండా ఉంటే చాలనుకుంటే, ఈ మిగతావన్నీ మరిచిపోయినట్టే.

అందుకే మొదట రెండు ప్రశ్నలను విడదీయాలి. నా పద్ధతిలో అసలు పస ఉందా? ఉంటే, దాన్ని ఉన్నది ఉన్నట్టు అమలు చేస్తున్నానా? డిసిప్లిన్ రెండో ప్రశ్నకే జవాబు. పస లేని పద్ధతిని నిష్ఠగా పాటిస్తే నష్టం కూడా నిష్ఠగా వస్తుంది. ట్రేడింగ్ డైరీ, వారం వారం సమీక్ష, ఆత్మపరిశీలన అని పిలిచేవాటి మొదటి పని మనిషిని బాగు చేయడం కాదనే నా అభిప్రాయం. ఈ రెండు ప్రశ్నల్లో మన జబ్బు ఏదో తేల్చడమే వాటి పని.

అనుభవం ఎందుకు నేర్పదు

ఏ పనైనా చేస్తూ ఉంటే వస్తుందని నమ్ముతాం. కుట్టుపనికి, డ్రైవింగ్‌కు, వంటకు అది నిజం. ఒకే రోజులో కొని అమ్మే డే ట్రేడింగ్‌కు ఎంత నిజమో బ్రెజిల్‌లో కొలిచారు. 2013 నుంచి 2015 మధ్య అక్కడి ఈక్విటీ ఫ్యూచర్స్‌లో డే ట్రేడింగ్ మొదలుపెట్టినవాళ్లను ముగ్గురు ఆర్థికవేత్తలు అనుసరించి చూశారు. అందులో 300 రోజులకు మించి పట్టుదలగా నిలిచినవాళ్లను విడిగా తీస్తే, వాళ్లలో 97 శాతం మంది నష్టపోయారు. ఆ దేశపు కనీస వేతనం కంటే ఎక్కువ సంపాదించినవాళ్లు 1.1 శాతమే. రోజులు గడిచేకొద్దీ మెరుగుపడ్డ జాడ కూడా ఆ ఆర్థికవేత్తలకు దొరకలేదు.

దీనికి కారణం మనుషుల మొద్దుతనం కాదు. అనుభవం ఎప్పుడు నైపుణ్యంగా మారుతుందన్న ప్రశ్న మీద మనస్తత్వవేత్తలు డేనియల్ కానమన్, గ్యారీ క్లైన్ 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. అంతకుముందు ఇద్దరివీ ఎదురెదురు వాదాలు. చివరికి ఇద్దరూ రెండు షరతుల దగ్గర కలిశారు. పరిసరాల్లో ఒక స్థిరమైన క్రమం ఉండాలి, చేసిన పనికి స్పష్టమైన ఫలితం తెలుస్తూ చాలాకాలం సాధన సాగాలి. మార్కెట్‌లో ఈ రెండూ బలహీనమే. ఉప్పు ఎక్కువైతే కూర ఆ పూటే చెబుతుంది. మార్కెట్ అలా చెప్పదు. పిచ్చి ట్రేడుకు లాభం ఇస్తుంది, ఆలోచించి తీసుకున్న ట్రేడుకు నష్టం ఇస్తుంది, ఏది ఎందుకు వచ్చిందో వివరించదు.

ఎంత గందరగోళంగా ఉంటుందో అంకెల్లో చూద్దాం. ఒక పద్ధతిలో నూటికి 40 ట్రేడులు గెలుస్తాయనుకోండి. గెలిస్తే 2,000, ఓడితే 1,000. సగటున ట్రేడుకు 200 రూపాయల లాభం. ఖర్చులు పక్కన పెడితే ఇది మంచి పద్ధతి. అయినా 30 ట్రేడులు చేశాక లాభంలో లేకపోవడానికి నూటికి దాదాపు 29 పాళ్లు అవకాశం ఉంది. 200 ట్రేడులు చేస్తే మధ్యలో ఎక్కడో ఒకచోట వరుసగా ఎనిమిది నష్టాలు తగలడానికి నూటికి డెబ్బైకి పైగా పాళ్లు అవకాశం. ఎనిమిది ఎర్ర అంకెలు వరుసగా చూశాక "ఇది పనిచేయడం లేదు" అని పద్ధతి మార్చని మనిషి అరుదు.

ఇప్పుడు దీన్ని తిరగేయండి. మూడింట ఒకటే గెలిచే పద్ధతి, లాభనష్టాలు అవే 2,000, 1,000. సగటు సున్నా. ఇందులో ఏ పసా లేదు. అయినా దీన్ని నమ్ముకున్న వంద మందిలో నలభై మందికి పైగా 30 ట్రేడుల తర్వాత లాభంలోనే కనిపిస్తారు. వాళ్లు ఉద్యోగం మానేయడం గురించి ఆలోచిస్తుంటారు. వాళ్లలో ఒకరిద్దరు టెలిగ్రామ్ ఛానెల్ కూడా పెట్టేస్తారు.

ఒక్క ట్రేడు ఫలితాన్ని చూసి పాఠం నేర్చుకోవడం అందుకే ప్రమాదం. "ప్రతి నష్టం ఒక పాఠం" అన్న మాట వినసొంపుగా ఉంటుంది గానీ, చాలా నష్టాలు ఏ పాఠమూ చెప్పవు. అవి పద్ధతిలో సహజంగా రావలసిన నష్టాలు. వాటినుంచి బలవంతంగా పాఠం తీసుకుంటే ఉన్న మంచి పద్ధతి కూడా చెడుతుంది.

మనసు చేసే మోసాలు, ఒక పాత ఖాతా

ఫలితాలు గందరగోళంగా ఉండటం ఒక సగం. వాటిని చదివే మనసు నిష్పక్షపాతంగా లేకపోవడం రెండో సగం. లాభంలో ఉన్నదాన్ని తొందరగా అమ్మేసి, నష్టంలో ఉన్నదాన్ని పట్టుకు వేలాడే అలవాటును 1985లో హెర్ష్ షెఫ్రిన్, మైర్ స్టాట్‌మన్ గుర్తించి పేరు పెట్టారు. తర్వాత టెరెన్స్ ఓడీన్ అమెరికాలో ఒక డిస్కౌంట్ బ్రోకర్ దగ్గరున్న 10,000 ఖాతాలను, 1987 నుంచి 1993 వరకు, తీసి చూశాడు. అమ్మే అవకాశం ఉన్న లాభాల్లో 14.8 శాతాన్ని అమ్మారు, నష్టాల్లో 9.8 శాతాన్నే అమ్మారు. అమ్మేసిన లాభపు షేర్లు ఆ తర్వాతి ఏడాదిలో, అట్టిపెట్టుకున్న నష్టపు షేర్ల కంటే మెరుగ్గా రాణించాయి. డిసెంబరులో మాత్రం ఈ అలవాటు తిరగబడింది, ఎందుకంటే నష్టం చూపిస్తే పన్ను తగ్గుతుంది. అంటే నష్టాన్ని ఒప్పుకోవడానికి ఒక గౌరవప్రదమైన సాకు దొరికితే మనుషులు ఒప్పుకోగలరన్నమాట. ఇది గుర్తు పెట్టుకోవలసిన విషయం, కింద పనికొస్తుంది.

ఇంకోటి, పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి అనే మన సామెత. మార్కెట్‌లో ఇంతకంటే ఖరీదైన సామెత లేదు. రిచర్డ్ థేలర్, ఎరిక్ జాన్సన్ 1990లో చూపించింది ఇదే. నష్టం వచ్చాక మామూలుగా జాగ్రత్తపడే మనిషి కూడా, లెక్క సరిచేసుకునే అవకాశం ఎదురుగా కనిపిస్తే పెద్ద రిస్కుకు సిద్ధపడతాడు. కొత్తవాళ్లే ఇలా చేస్తారనుకోవద్దు. షికాగోలో సొంత ఖాతాకు బాండ్ ఫ్యూచర్స్ ట్రేడ్ చేసే నిపుణులను జాషువా కోవల్, టైలర్ షమ్‌వే పరిశీలిస్తే, పొద్దున నష్టపోయినవాళ్లు మధ్యాహ్నం ఎక్కువ రిస్కు తీసుకున్నట్టు తేలింది. ఎక్స్‌పైరీ రోజు, అంటే ఒప్పందాల గడువు ముగిసే రోజు, మధ్యాహ్నం రెండు దాటాక మన దగ్గర 'జీరో టు హీరో' అంటూ ఐదు, పది రూపాయల ఆప్షన్లు కొనడం దీనికి మన ఊరి రూపం.

ఈ కథకు అత్యంత ఖరీదైన ఉదాహరణ బేరింగ్స్. 1762లో పుట్టిన ఆ బ్రిటిష్ బ్యాంకు 1995 ఫిబ్రవరిలో కూలిపోయింది. సింగపూర్ శాఖలో నిక్ లీసన్ అనే ట్రేడర్ 88888 అనే నంబరుతో ఒక ఎర్రర్ ఖాతా (పొరపాటు లావాదేవీలను విడిగా పెట్టేది) తెరిచి 1992 నుంచి నష్టాలను అందులోకి నెడుతూ వచ్చాడు. పై అధికారులకు అతని లాభాలే కనిపించేవి. 1995 జనవరి 17న కోబే భూకంపం వచ్చి జపాన్ మార్కెట్ పడిపోతే, ఆపేయాల్సింది పోయి ఇంకా కొన్నాడు. చివరికి నష్టం 82.7 కోట్ల పౌండ్లు. బ్యాంకును డచ్చి సంస్థ ఐఎన్‌జీ ఒక్క పౌండుకు తీసుకుంది. ఈ కథను అందరూ అత్యాశ కథగా చెబుతారు. నాకు మాత్రం ఇది పద్దుల కథలా కనిపిస్తుంది. నష్టం కనబడని చోటు ఒకటి ఉన్నంతకాలం, ఆగాల్సిన క్షణం రాలేదు.

మన ఖాతాల్లోనూ ఒక 88888 ఉంటుంది. పొద్దున ఇంట్రాడేలో (ఆ రోజే అమ్మేసేలా) కొన్న షేరు పడితే మూడింటికల్లా దాన్ని డెలివరీకి (అట్టిపెట్టుకునేలా) మార్చేస్తారు. సాయంత్రానికి అది ట్రేడ్ కాదు, 'లాంగ్ టర్మ్ ఇన్వెస్ట్‌మెంట్'. ఫ్యూచర్స్ అయితే వచ్చే నెల ఒప్పందానికి జరిపి రోలోవర్ చేస్తారు. ఇంట్లో ఇంకొకరి పేరున ఉన్న డీమ్యాట్‌లో జరిగింది లెక్కలోకే రాదు. "మార్కెట్‌కు ఫీజు కట్టాను" అన్న మాట కూడా అలాంటి ఖాతాయే. ఫీజు అనగానే అది నష్టం పద్దులోంచి చదువు పద్దులోకి మారిపోతుంది. ఏడాదికి మొత్తం ఎంత పోయిందో ఒక్క అంకెగా చెప్పగలిగినవాళ్లు తక్కువ. బ్రోకర్ సైటులో ట్యాక్స్ పీ అండ్ ఎల్ (లాభనష్టాల) రిపోర్టు డౌన్‌లోడ్ చేస్తే నిమిషంలో తెలుస్తుంది. పైగా ఎఫ్ అండ్ ఓ నష్టాన్ని గడువులోగా ఆదాయపు పన్ను రిటర్నులో చూపిస్తే 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లవచ్చు. ఓడీన్ లెక్కల్లోని డిసెంబరు లాంటి సాకు ఇదీ. ఆ పేరు పెట్టుకునైనా ఆ అంకె చూడటం మంచిది.

డైరీలో ఏం రాయాలి

చాలామంది డైరీ మొదలుపెట్టి వదిలేయడానికి కారణం, అది బ్రోకర్ ఇప్పటికే ఇస్తున్న సమాచారాన్ని తిరిగి రాయడమే కావడం. ఎంత ధరకు కొన్నాను, ఎంతకు అమ్మాను, ఎంత వచ్చింది అన్నవి బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్‌లో ఉంటాయి. అక్కడ లేనిది ఒక్కటే, కొనే ముందు తలలో ఏముంది. డైరీ విలువంతా ఆ ముందు రాసిన రెండు మూడు వాక్యాల్లో ఉంది. ఎందుకు తీసుకుంటున్నాను, ఏం జరిగితే నా ఆలోచన తప్పని ఒప్పుకుంటాను, తప్పైతే ఎన్ని రూపాయలు పోతాయి, ఇది నేను రాసుకున్న పద్ధతిలోని ట్రేడేనా కాదా. ట్రేడు తీసుకోవడానికి ముందు, చార్టు స్క్రీన్‌షాట్‌తో సహా.

ముందే రాయాలని ఎందుకు పట్టుబడుతున్నానంటే, సాయంత్రం రాసే డైరీ అబద్ధాలు చెబుతుంది. కావాలని కాదు. జరిగిపోయినదాన్ని ముందే ఊహించినట్టు అనిపించడం మనసు స్వభావమని 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ ప్రయోగాలతో చూపించాడు. మూడున్నరకు మార్కెట్ మూశాక ఏ చార్టు చూసినా "ఇక్కడ కొనాల్సింది, అక్కడ అమ్మాల్సింది" అని స్పష్టంగా కనిపిస్తుంది. తొమ్మిదిన్నరకు ఆ చార్టులో కుడి పక్క ఖాళీగా ఉండింది. ఆ ఖాళీని గుర్తు చేసేది పొద్దున తీసిన స్క్రీన్‌షాట్ ఒక్కటే.

ట్రేడు మూసేశాక రాయాల్సింది ఇంకా తక్కువ. అనుకున్నచోట బయటికి వచ్చానా, లేదా? లేకపోతే ఎందుకు? "టెన్షన్ తట్టుకోలేక అమ్మేశాను", "స్టాప్‌లాస్‌ను (ఇక్కడికి పడితే అమ్మేయమని ముందే పెట్టిన ధరను) కిందికి జరిపాను", "ఫ్రెండ్ కాల్ చేసి ఇంకా పెరుగుతుందన్నాడు". ఒక్క ముక్క చాలు. వ్యాసాలు అక్కర్లేదు. మనసులోని భావాలన్నీ పేజీల కొద్దీ రాయమని కొందరు సలహా ఇస్తారు. రెండు వారాలకు మించి అది సాగదు, సాగినా దాన్ని ఎవరూ కూడి లెక్క వేయలేరు.

లెక్క వేయడమే అసలు పని. ఉదాహరణకు ఒకరి నెలలో 60 ట్రేడులు ఉన్నాయనుకుందాం. మొత్తం మీద 22,000 నష్టం. డిసిప్లిన్ లేదని అతను తనను తాను తిట్టుకుంటున్నాడు. డైరీ తెరిచి పద్ధతిలో ఉన్నవి, లేనివి విడదీస్తే పద్ధతి ప్రకారం తీసుకున్న 38 ట్రేడుల్లో 9,000 లాభం, మిగతా 22 ట్రేడుల్లో 31,000 నష్టం అని తేలిందనుకోండి. ఇతనికి డిసిప్లిన్ ఉపన్యాసం వర్తిస్తుంది. ఆ 22 ట్రేడులు ఏ వేళలో వచ్చాయో చూస్తే, ఎక్కువగా ఒక నష్టం తర్వాత పావుగంటలోపు తీసుకున్నవని కనిపించవచ్చు. అప్పుడు 'డిసిప్లిన్' అనే గాలి మాట పోయి దాని స్థానంలో ఒక వేళ, ఒక ధర వస్తాయి.

అదే 22,000 నష్టం ఇంకొకరికి ఇలా విడిపోవచ్చు. పద్ధతిలోని ట్రేడుల్లో 18,000 నష్టం, బయటివాటిలో 4,000. ఇతను ఎంత బుద్ధిమంతుడైతే అంత పోగొట్టుకుంటాడు. ఇతనికి ధ్యానం, ఉదయపు నడక, సంకల్ప బలం గురించి చెప్పడం అన్యాయం. నెల లెక్కతో చివరి తీర్పు ఇవ్వకూడదన్నది నిజమే, 30 ట్రేడుల సంగతి పైన చూశాం. కానీ ఏ పక్క తవ్వాలో మాత్రం నెల లెక్క చెబుతుంది.

సమీక్షలో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది నష్టాల మీద కాదు, పద్ధతి తప్పినా లాభం ఇచ్చిన ట్రేడుల మీద. స్టాప్‌లాస్ తీసేశాక ధర వెనక్కి వచ్చి లాభంలో ముగిసిన రోజు సాయంత్రం ఎవరూ డైరీలో తప్పు అని రాయరు. ఆ రోజు నేర్చుకున్నదే ఆరు నెలల తర్వాత ఖాతాను ఖాళీ చేస్తుంది. సమీక్షకు వారాంతమే సరైన వేళ అని నా నమ్మకం. రోజూ సాయంత్రం కూర్చుంటే ఆ రోజు రంగే పద్ధతి మీద పడుతుంది, రూల్సు రోజుకొకటి మారతాయి.

ఖర్చుకు ఒక గడి తప్పకుండా ఉండాలి. ఇది చాలా డైరీల్లో కనిపించదు. నిఫ్టీ లాట్ (ఒకసారికి కనీసం కొనాల్సిన పరిమాణం) 75 అనుకుని, 100 రూపాయల ప్రీమియం (ధర) ఉన్న ఆప్షన్ ఒక లాట్ కొని అమ్మితే బ్రోకరేజ్ ఆర్డరుకు 20 చొప్పున 40, దానిమీద ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను), ఎక్స్ఛేంజ్ ఛార్జీలు, జీఎస్టీ, స్టాంపు డ్యూటీ కలిపి 60 రూపాయలు దాటుతుంది. చిన్న మొత్తమే. రోజుకు పదిసార్లు, నెలకు ఇరవై రోజులు చేస్తే 12,000. లక్ష రూపాయల ఖాతాకు అది నెలకు 12 శాతం. అంత సంపాదిస్తే గానీ సున్నా దగ్గర నిలబడలేరు. నేరుగా షేర్లు కొని అమ్మే క్యాష్ మార్కెట్‌లో ఇంట్రాడే మీద సెబీ 2024 జులైలో ఇచ్చిన అధ్యయనంలో 2022-23కి నష్టపోయినవాళ్లు 71 శాతం. ఏడాదికి 500కు మించి ట్రేడులు చేసినవాళ్లలో ఆ వాటా 80 శాతం. అమెరికాలో 66,465 కుటుంబాల ఖాతాలు చూసిన బ్రాడ్ బార్బర్, ఓడీన్‌లకు కూడా ఇదే కనిపించింది. 1991-96 మధ్య మార్కెట్ ఏడాదికి 17.9 శాతం ఇస్తే, ఎక్కువగా కొని అమ్మినవాళ్లకు 11.4 శాతమే మిగిలింది. ఏ మార్పూ తోచనివాళ్లు ట్రేడుల సంఖ్య తగ్గించడంతో మొదలుపెట్టవచ్చు. దానికి నైపుణ్యం అక్కర్లేదు.

డిసిప్లిన్‌కు కూడా క్యాపిటల్ కావాలి

ఒక ట్రేడులో క్యాపిటల్‌లో 1 శాతానికి మించి రిస్కు చేయవద్దన్నది అందరూ చెప్పే రూలు. లక్ష రూపాయల ఖాతాకు అది 1,000. నిఫ్టీ ఒక లాట్ 75 అయితే ప్రీమియం 13 పాయింట్లు, అంటే 13 రూపాయలు, పడితే ఆ వెయ్యి అయిపోతుంది. ఆప్షన్ ప్రీమియం ఊరికే, ఏ వార్తా లేకుండానే, అంతకు మించి ఊగుతుంది. అంటే ఈ మనిషికి రెండే దారులు. 13 పాయింట్ల స్టాప్‌లాస్ పెట్టి రోజూ కొట్టించుకుని "ఆపరేటర్లు నా స్టాప్‌లాస్ వేటాడుతున్నారు" అని బాధపడాలి, లేదా రూలు తప్పాలి. రెండింటిలో ఏది చేసినా అతనికి డిసిప్లిన్ లేదనే అంటారు. సెబీ 2024 అక్టోబరులో ఇండెక్స్ కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచింది, దాంతో నిఫ్టీ లాట్ 25 నుంచి 75కు వెళ్లింది. ఈ లాట్ సైజులు ఎప్పటికప్పుడు మారుతుంటాయి గానీ లెక్క స్వరూపం మారదు. ఎఫ్ అండ్ ఓ ట్రేడర్లలో 75 శాతానికి పైగా మంది తమ ఏడాది ఆదాయం 5 లక్షల లోపేనని చెప్పుకున్నవాళ్లు. వాళ్లలో చాలామంది రూలు తప్పేది నిగ్రహం చాలక కాదు, ఆ రూలు పట్టేంత ఖాతా లేక. ఇలాంటివాళ్లు క్యాష్ మార్కెట్‌లో ఐదు, పది షేర్లతో ట్రేడ్ చేస్తే అదే 1 శాతం రూలు హాయిగా పడుతుంది. అందులో థ్రిల్ ఉండదని ఎవరైనా అంటే, అది కూడా డైరీలో రాసుకోదగ్గ విషయమే.

క్యాపిటల్ సరిపోయినవాళ్ల విషయానికొస్తే, సంకల్పం మీద ఎంత తక్కువ ఆధారపడితే అంత మంచిది. నష్టం కళ్లెదుట ఉన్నప్పుడు తీసుకునే నిర్ణయం బలహీనమైనదని తెలుసు కాబట్టి ఆ నిర్ణయాన్ని పొద్దున ఎనిమిదింటికే తీసేసుకోవాలి. 'ఇలా జరిగితే ఇలా చేస్తాను' అని ముందే కచ్చితంగా రాసుకున్నవాళ్లు, ఊరికే 'బాగా చేయాలి' అనుకున్నవాళ్ల కంటే అనుకున్నది ఎక్కువగా పూర్తి చేస్తారని పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చెబుతాయి. 'ఇవాళ ఓవర్‌ట్రేడ్ చేయను' అని రాస్తే పనికిరాదు. 'రెండు స్టాప్‌లాస్‌లు తగిలితే కిల్ స్విచ్ వేసి యాప్ మూసేస్తాను' అని రాస్తే పనికొస్తుంది. కొన్ని బ్రోకర్ యాప్‌లలో ట్రేడింగ్‌ను ఆపేసే ఈ కిల్ స్విచ్ ఉంది, ఒకసారి వేస్తే కొన్ని గంటలు తిరిగి తెరుచుకోదు. లాభం వచ్చిన వారం అందులో కొంత బ్యాంకు ఖాతాకు వెనక్కి పంపేయడం ఇంకో అడ్డుకట్ట. ఖాతాలో లేని డబ్బుతో, పోయింది రాబట్టాలన్న కసితో చేసే రివెంజ్ ట్రేడ్ చేయలేరు.

స్టాప్‌లాస్ కూడా మనసులో కాదు, సిస్టంలో ఉండాలి. అయితే అది పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. ఆప్షన్లలో స్టాప్‌లాస్ మార్కెట్ ఆర్డర్లను (దొరికిన ధరకే అమ్మేసేవి) స్టాక్ ఎక్స్ఛేంజ్ ఎన్‌ఎస్‌ఈ 2021లో ఆపేసింది. ఇప్పుడు ఆర్డరును కదిలించే ట్రిగ్గర్ ధరతోపాటు, ఇంతకు తగ్గించి అమ్మవద్దనే లిమిట్ ధర కూడా ఇవ్వాలి. రెండింటి మధ్య తేడా మరీ తక్కువ పెడితే ధర దూకేసి వెళ్లిపోతుంది, ఆర్డరు అలాగే మిగిలిపోతుంది. ఎన్నికల ఫలితాల రోజు, 2024 జూన్ 4న, నిఫ్టీ ఒక్కరోజులో దాదాపు 6 శాతం పడింది. అలాంటి రోజుల్లో కాపాడేది చిన్న పొజిషన్ మాత్రమే.

ఇక ఆపే రూలు సంగతి. స్టాప్‌లాస్ ప్రతి ట్రేడుకూ పెట్టమంటారు గానీ మొత్తం ట్రేడింగ్ ప్రయత్నానికి పెట్టమని ఎవరూ అనరు, అలా అంటే కోర్సు అమ్ముడుపోదు. మొదలుపెట్టే రోజే ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకుని ఇంట్లో ఒకరికి ఇవ్వవచ్చు. ఈ పనికి కేటాయించిన మొత్తం సొమ్ము, ఆ పైన ఒక్క రూపాయి తేనని. పద్ధతిని మార్చకుండా చేయబోయే ట్రేడుల సంఖ్య, 200 అనుకోండి. లెక్క చూసే తేదీ. ఆ తేదీన పద్ధతిలోని ట్రేడులు ఖర్చులు పోను లాభంలో ఉండి, బయటివి నష్టంలో ఉంటే, బయటివాటిని కోసేయడానికి ఇంకో 200 ట్రేడులు. పద్ధతిలోనివే నష్టంలో ఉంటే క్వాంటిటీని కాగితం ట్రేడింగ్ (డబ్బు పెట్టకుండా కాగితం మీదే లెక్క చూసుకోవడం) స్థాయికి దించేసి, జీతంలోంచి మిగిలేది ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా సిప్‌గా వేయడం మొదలుపెట్టడం. అప్పు తెచ్చి, బంగారం కుదువపెట్టి, ఈ కాగితంలోని మొదటి అంకెను పెంచాలనిపించిన రోజు తేదీ ఏదైనా సరే, లెక్క ఆ రోజే చూడాలి.